మెట్ల మలుపులో నాయనమ్మ

ఆ రోజుకు గేటాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున పదింటికి ఒక గుంపుకు బంగళా అంతా తిప్పి చూపించాలి. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాలి. సాయంత్రం నాలుగింటికి యజమానురాలు వచ్చినప్పుడు ఆవిడ ముందు మళ్ళీ అదే చుట్టు తిరగాలి. నలభై నిమిషాలు. కొత్త మాట కలపకూడదు, పాత మాట మరిచిపోకూడదు. ఆవిడకు నచ్చితే ఆరు నెలల పరీక్షాకాలం ముగిసి ఉద్యోగం ఖాయమవుతుంది. నచ్చకపోతే ఉద్యోగంతో పాటు గేటు పక్కనున్న రెండు గదులూ ఖాళీ చెయ్యాలి. ఆ రెండు గదుల్లో అతనూ భార్యా ఇరవై రెండేళ్ళుగా కాపురం ఉంటున్నారు.

బంగళా పాడుబడి ఉన్న రోజుల్లో అతను గేటు దగ్గర కాపలాదారు. లోపల గబ్బిలాలు, బయట గేటాయన, మధ్యలో తాళం. ఆ తర్వాత యజమానురాలు దాన్ని కొని, నాలుగేళ్ళు మరమ్మతు చేయించి హోటల్ చేసింది. గుర్రాల సాల స్పా అయింది, ధాన్యపు కొట్టు భోజనశాల అయింది, గేటాయన గైడు అయ్యాడు. గుర్రాల సాల మారినంత తేలిగ్గా గేటాయన మారలేదు. కోటు తొడిగినా జనం పాత పేరే పిలుస్తున్నారు, అతను కూడా పాత పేరుకే పలుకుతున్నాడు.

"ఇదిగో, నీకే చెప్తున్నా," అంది భార్య, కోటు చేతుల మీద ఇస్త్రీపెట్టె నడుపుతూ. హోటల్ దుప్పట్లన్నీ ఇస్త్రీ చేసే గదికి ఆవిడే పెద్ద. "ఈ ఒక్కరోజు నోరు అదుపులో పెట్టుకో. ఆ ముసలావిడకి కొత్త మహిమలు అంటగట్టకు."

"నేనేం అంటగట్టానే?"

"పోయిన వారం ఆవిడ పులిని చీపురుతో తరిమిందట కదా."

"చీపురు అనలేదు. చేతికర్ర అన్నాను."

"మరి పులి?"

గేటాయన కోటు అందుకుని తొడుక్కున్నాడు.

ముసలావిడ అంటే మెట్ల మలుపులో వేలాడే పెద్ద పటం. కుర్చీలో నిటారుగా కూర్చున్న ఒక వృద్ధురాలు, గడ్డం మీద పుట్టుమచ్చ, ఒళ్ళో తాళాల గుత్తి. ఎడమ కనుబొమ కాస్త పైకి లేచి ఉంటుంది, ఎదుటివాడు చెప్పేది ఒక్క ముక్కా నమ్మనట్టు. ఆవిడ ఆ బంగళా మనిషి కాదు. హోటల్ తెరవడానికి ముందు మెట్ల మలుపు గోడకు చెమ్మ ఊరింది. ఎన్నిసార్లు రంగు వేసినా మచ్చ పైకి తేలింది. అలంకరణ పని చేసేవాళ్ళు చివరికి విసిగిపోయి, బజారు వెనక పాత సామాన్ల కొట్లో మచ్చ కొలతకు సరిపోయే పటం వెతికి తెచ్చి తగిలించారు. సరిగ్గా సరిపోయిన పటం అదొక్కటే.

వాళ్ళు తగిలించి వెళ్ళిపోయారు. చిక్కంతా గేటాయన జేబులో ఉన్న అట్టముక్కతో వచ్చింది. హోటల్లో పనిచేసే ప్రతి మనిషి జేబులోనూ మేనేజరు ఒక అట్ట పెట్టించాడు. దాని మీద తొమ్మిది నియమాలు. మొదటిది: అతిథితో 'తెలియదు' అనరాదు. రెండోది: అతిథి మాటకు 'కాదు' అనరాదు. మూడోది: అతిథి చిరాకు పడితే ముందు స్పాకు పంపాలి. మిగతా ఆరూ గోళ్ళు కత్తిరించుకోవడం గురించి.

మొట్టమొదటి రోజే ఒక అతిథి పటం చూపించి, "ఈవిడ ఎవరు?" అని అడిగాడు. 'తెలియదు' అనే మాట గేటాయన నాలుక చివరిదాకా వచ్చింది. జేబులో అట్ట గుచ్చుకుంది. "పెద్ద దొరసానమ్మండీ," అన్నాడు. అంతటితో ఆగేదే. "ఆ తాళాలేమిటి?" అన్నాడు అతిథి. "నలభై ఒక్క గదులవండీ. ఎవరినీ నమ్మేది కాదు," అన్నాడు గేటాయన. అప్పటినుంచి అడిగినవాళ్ళు అడుగుతూనే ఉన్నారు, గోరంత కొండంతవుతూనే ఉంది. ఆరు నెలల్లో ఆవిడ పదకొండేళ్ళు నవ్వకుండా ఉంది, చప్పుడు వినగానే ఏ గది తాళమో చెప్పింది, ఒక దొంగకు అన్నం పెట్టి మరీ పట్టించింది. పులి ఈ మధ్యే వచ్చింది.

పదింటి గుంపులో ఉన్నది ఇద్దరే. రిటైరైన లెక్కల టీచరు, ఆవిడ భర్త. ఉండేది ఈ ఊళ్ళోనే అయినా, పెళ్ళయి ముప్ఫై అయిదేళ్ళయిన సందర్భంగా పిల్లలు వాళ్ళకు ఇక్కడ రెండు రోజులు గది తీసుకున్నారు. టీచరు స్పాలోంచి నేరుగా వచ్చింది. ఒంటికి తెల్ల టవల్‌గుడ్డ అంగీ, తలకు తువ్వాలు, ముఖానికి ఆకుపచ్చ మట్టి పూత. పూత ఆరడానికి అరగంట పడుతుందన్నారట, ఆ అరగంట వృథా చెయ్యడం ఆవిడకు ఇష్టం లేదు. భర్త ఆవిడ చేతిసంచి పట్టుకుని రెండడుగుల వెనక నడుస్తున్నాడు. ముప్ఫై అయిదేళ్ళుగా అదే దూరం పాటిస్తున్న మనిషిలా ఉన్నాడు.

మెట్ల మలుపు దగ్గర గేటాయన ఆగి, గొంతు సవరించుకుని, చెయ్యి చాపాడు. "ఇక ఈవిడ ఈ బంగళాకి పెద్ద దొరసానమ్మ. నలభై ఒక్క గదుల తాళాలు ఒక్కచేత్తో..."

వెనక చేతిసంచి కింద పడిన చప్పుడైంది. భర్త దాన్ని తీసుకోవడానికి వంగలేదు. నోరు తెరుచుకుని పటం వంక చూస్తున్నాడు. టీచరు మాత్రం మెల్లగా దగ్గరికి వెళ్ళి, చట్రం కింది మూల వేలితో తడిమింది. అక్కడ చిన్న పెచ్చు లేచిపోయి ఉంది.

"ఇది నేను చెక్క స్కేలుతో కొడితే ఊడింది," అంది. భర్త వైపు తిరిగింది. "ఏమండీ, మా నాయనమ్మ."

గేటాయన నవ్వబోయి ఆగిపోయాడు. నియమం రెండు. "అవునాండీ," అన్నాడు.

"మూడేళ్ళ కిందట ఇల్లు మారినప్పుడు లారీవాళ్ళు పారేశారు దీన్ని. నేను పరీక్షకి వెళ్ళేటప్పుడల్లా ఈవిడ ముఖం చూసి వెళ్ళేదాన్ని, తెలుసా. నా పిల్లలు కూడా. దొరసానా? మా నాయనమ్మ దొరసానా? మా ఇంట్లో ఒక్కళ్ళూ చెప్పలేదే." ఆకుపచ్చ పూత మీద కన్నీళ్ళు రెండు దారులు చేసుకుని దిగాయి. "అయితే ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?"

గేటాయన నోరు తెరిచాడు. టీచరు భుజం వెనక నుంచి భర్త రెండు చేతులూ ఊపుతూ, తల అడ్డంగా తిప్పుతూ, ఒక వేలు పెదవుల మీద పెట్టుకుంటూ ఒకేసారి మూడు సైగలు చేస్తున్నాడు. మనిషికి ఏదో మూర్ఛ వస్తోందనుకున్నాడు గేటాయన.

"లారీవాళ్ళే తెచ్చి ఇచ్చి ఉంటారు," అన్నాడు భర్త గబగబా. "ఇది ఈ బంగళా పటమని గుర్తుపట్టి ఉంటారు."

"అంటే లారీవాడికి కూడా తెలుసన్నమాట. నాకు తప్ప," అంది టీచరు. కళ్ళు తుడుచుకుని, అంగీ జేబులోంచి ఫోన్ తీసి, "అన్నయ్యా," అంటూ మెట్లు దిగిపోయింది.

ఆవిడ కనుమరుగు కాగానే భర్త గేటాయన మోచెయ్యి పట్టుకుని ఎదురుగా కనిపించిన గదిలోకి లాక్కెళ్ళాడు. అది ఇస్త్రీ గది. గేటాయన భార్య దుప్పటి మీంచి తల ఎత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

"అయ్యా, లారీవాళ్ళు పారెయ్యలేదు," అన్నాడు భర్త. "నేనే పాత సామాన్ల కొట్టుకి వేశాను. పాత పేపర్లతో కలిపి, తూకానికి."

"మీ ఆవిడ నాయనమ్మనా?"

"ముప్ఫై రెండేళ్ళు ఆ కనుబొమ కింద కూర్చుని అన్నం తిన్నానండీ. రెండోసారి కూర వడ్డించుకుంటే చూసేది. పేపరు తిరగేస్తే చూసేది. ఇల్లు మారిన గొడవలో ధైర్యం చేశాను. లారీలో పోయిందని చెప్పాను. మా ఆవిడ ఊరుకుంటుందా? ఎనిమిది నెలలు లారీ కంపెనీతో ఉత్తరాల యుద్ధం చేసింది. చివరికి వాళ్ళు తప్పు ఒప్పుకుని క్షమాపణ రాసి పంపారు. పాపం, చెయ్యని తప్పుకి. ఇప్పుడు నిజం తెలిస్తే నా కాపురం గంగలో కలుస్తుంది."

"నిజం చెబితే నా ఉద్యోగమూ అంతేనండీ. నాలుగింటికి మేడమ్ వస్తున్నారు," అన్నాడు గేటాయన.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతకన్నా గట్టి ఒప్పందం కాగితం మీద రాసుకున్నా కుదరదు.

"బాగుంది," అంది గేటాయన భార్య ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పెడుతూ. "ఒకరికి పులి, ఒకరికి లారీ. సామాన్లు ఇప్పుడే సర్దమంటావా, నాలుగు దాటాక సర్దమంటావా?"

ఆవిడ వేళాకోళం ఆడుతోందని గేటాయనకు తెలుసు. కానీ ఆ గేటు పక్క గదుల్లో కిటికీ దగ్గర ఆవిడ నాటుకున్న తీగ ఇప్పుడు ఇంటికప్పు ఎక్కింది. దాన్ని ఎలా సర్దుతారు?

పన్నెండు కొట్టేసరికి పక్క ఊరినుంచి రెండు కార్లు వచ్చాయి. టీచరు అన్నయ్య, వదిన, ఇద్దరు చిన్నాన్న కొడుకులు, వాళ్ళ భార్యలు, ఇంకా ఎవరెవరో, మొత్తం తొమ్మిది మంది దిగారు. అన్నయ్య పోస్టాఫీసులో పని చేసి రిటైరైనవాడు. ఏ వస్తువునైనా సరైన చిరునామాకు చేర్చడం ఆయన స్వభావం. పటం ముందు నిలబడి ఒక నిమిషం కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక చూపు పటం మీద లేదు, పైకప్పు దూలాల మీద ఉంది.

"టేకేనా?" అని అడిగాడు.

"టేకేనండీ," అన్నాడు గేటాయన. అంతవరకూ నిజమే.

"నలభై ఒక్క గదులూ నాయనమ్మ చేతి కిందేనా?"

జేబులో అట్ట. "ఆవిడ చేతి కిందేనండీ."

"అంటే ఆవిడ పేరు మీదే ఉండేవన్నమాట."

గేటాయన అవుననలేదు. కాదని కూడా అనలేదు, అనడానికి నియమం ఒప్పుకోదు. తల ఒక రకంగా ఊపాడు. ఆ ఊపును అన్నయ్య రిజిస్టరు ఉత్తరంలా అందుకున్నాడు.

"మాకేం వద్దు బాబూ. ఊరికే చూసి పోదామని వచ్చాం," అంది వదిన. అయిదు నిమిషాల తర్వాత ఆవిడే, "తూర్పు గదులు మాత్రం మాకు పడవు, ఎండ," అంది. అన్నయ్య అడుగులతో వరండా కొలుస్తున్నాడు. చిన్నాన్న కొడుకులు ఈతకొలను ఒకళ్ళకే వెళ్ళడం న్యాయం కాదని వాదన పెట్టుకున్నారు. పొద్దున ఒకళ్ళు, సాయంత్రం ఒకళ్ళు వాడుకునేట్టు ఒప్పందం దాకా వచ్చి, ఆదివారాల దగ్గర చెడిపోయింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ వాదన మేనేజరు చెవిన పడింది. కుర్రవాడు, హోటల్ చదువు చదివినవాడు. ఇంటి వారసులు వచ్చి గదులు పంచుకుంటుంటే ఏం చెయ్యాలో ఆ చదువులో లేదు. ముఖం పాలిపోయి గేటాయన దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"వాళ్ళు నిజంగా దొరసానమ్మ మనవలేనా?"

ఇదొక్కచోట నిజం చెప్పి ఉంటే కథ అక్కడే ముగిసేది. గేటాయన చెప్పబోయాడు కూడా. కానీ మేనేజరు వెనకే టీచరు వస్తోంది. పూత కడిగేసుకున్న ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలుగుతోంది. ఆవిడ ముందు ఆ మాట ఎలా అంటాడు? "అంటున్నారు కదండీ," అన్నాడు.

మేనేజరు జేబులోంచి తన అట్ట తీశాడు. నియమం మూడు. వారసులందరినీ వినయంగా స్పాలోకి పంపించేశాడు. అరగంటలో తొమ్మిది మంది తెల్ల అంగీల్లోకి మారారు. తొమ్మిదోది దొరక్క అన్నయ్యకు పిల్లల సైజు ఇచ్చారు. అది మోకాళ్ళ పైనే ఆగిపోయింది. అయినా ఆయన దర్పం తగ్గలేదు. అదే వేషంలో వరండా రెండో వైపు కొలిచాడు.

టీచరు మాత్రం గదుల జోలికి పోలేదు. గేటాయనను పిలిచి పటం ఎదురుగా మెట్టు మీద కూర్చోబెట్టుకుంది.

"నాకు గదులొద్దు, కొలనొద్దు. కింద ఒక చిన్న పలక పెట్టి ఆవిడ పేరు రాయించండి చాలు. దొరసాని అని కాకుండా, మనిషి పేరు," అంది. "ఇంకా చెప్పండి. మా నాయనమ్మకి లెక్కలు వచ్చా?"

"వచ్చండీ," అన్నాడు గేటాయన. ఆవిడ ముఖం చూసి ఆగలేకపోయాడు. "నోటితోనే చేసేది."

"నాకు తెలుసు," అంది టీచరు. "ఎక్కడినుంచి వచ్చిందా అనుకునేదాన్ని."

ఆరు నెలలుగా చెప్పిన అబద్ధాల్లో ఏదీ ఎవరినీ ఏమీ చెయ్యలేదు. జనం విన్నారు, నవ్వారు, ఫొటో తీసుకున్నారు, వెళ్ళిపోయారు. ఈవిడ నమ్మి, ఆ అబద్ధాన్ని లోపల దాచుకుంటోంది. పులి కథ చెప్పినప్పుడు కూడా అతనికి ఇంత సిగ్గెయ్యలేదు.

ఈలోగా అన్నయ్యకు మంచి ఆలోచన వచ్చింది. నాయనమ్మను కళ్ళారా చూసిన మనిషి ఒక్కరే మిగిలి ఉన్నారు, తొంభై ఏళ్ళ మేనత్త. నాయనమ్మ సొంత కూతురు. ఆవిడ సాక్ష్యం చెబితే ఇక ఎదురు ఉండదు. ఫోనులో ఆవిడకు వినపడదు కాబట్టి కారు పంపించాడు.

నాలుగింటికి యజమానురాలు వచ్చింది. తక్కువ మాట్లాడే మనిషి. తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టేసరికి మెట్ల మీద తెల్ల అంగీలు తొడుక్కున్న పది మంది వరసగా కూర్చుని ఉన్నారు. పదకొండో మనిషి, టీచరు భర్త, స్తంభం చాటున ఉన్నాడు. మేనేజరు వెళ్ళి ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు. 'వారసులు' అన్న మాట మాత్రం అందరికీ వినపడింది.

"నేను కొన్నది ఈ ఇంటి వారసుల దగ్గరే కదా," అంది యజమానురాలు. "వాళ్ళు ముగ్గురూ మగవాళ్ళు. ముగ్గురికీ బట్టతల. వీళ్ళెవరు?" తర్వాత గేటాయన వైపు తిరిగింది. "సరే, మీ చుట్టు మొదలుపెట్టండి. అక్కడినుంచే. ఈవిడ ఎవరు?"

టీచరు గేటాయన వైపు చూసి ప్రోత్సాహంగా తల ఊపింది, పరీక్ష హాల్లో మంచి విద్యార్థికి ఊపినట్టు. స్తంభం పక్కనుంచి భర్త రెండు చేతులూ జోడించాడు. ఇస్త్రీ గది గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, పైన ఆ లేచిన కనుబొమ. అది కూడా జవాబు కోసమే చూస్తున్నట్టుంది.

గేటాయన జేబులోంచి అట్ట తీసి, మెట్టు మీద పెట్టాడు.

"తెలియదండీ," అన్నాడు.

ఆరు నెలల్లో ఆ హాల్లో ఆ మాట ఎవరూ అనలేదు. మేనేజరు ఉలిక్కిపడ్డాడు.

"ఈవిడ దొరసాని కాదండీ. ఈ బంగళాలో ఎవరూ కాదు. గోడకి చెమ్మ ఊరుతోందని పాత సామాన్ల కొట్లోంచి తెచ్చి పెట్టారు. ఎవరని అడిగితే తెలియదనకూడదు కదా, నేనే కథ కల్పించాను. తాళాల కథ నేనే కల్పించాను, దొంగని నేనే కల్పించాను. పులి కూడా." టీచరు వైపు తిరిగాడు. "అమ్మా, లెక్కల సంగతి కూడా. మీరు సంతోషపడుతుంటే చూడలేక... చూస్తూ ఉండాలనిపించి అనేశాను. నన్ను క్షమించండి."

టీచరు నెమ్మదిగా, పాఠం చెప్పే గొంతుతో అడిగింది. "పాత సామాన్ల కొట్లోంచా? లారీవాళ్ళు ఇవ్వలేదా?"

"లేదండీ."

"కొట్టుకి ఎవరు ఇచ్చారు?"

గేటాయన స్తంభం వైపు చూడకుండా ఉండడానికి శాయశక్తులా ప్రయత్నించాడు. "అదీ తెలియదండీ," అన్నాడు. రోజు మొత్తం మీద ఆ అబద్ధం మాత్రం జాలితో ఆడినది.

కానీ ఆవిడ లెక్కల టీచరు. లారీలోంచి పడిపోయిన పటం పగలకుండా ఉండదు, దొరికినవాడు మూడు వీధులు మోసుకెళ్ళి కొట్లో ఇవ్వడు, ఆ రోజు పాత పేపర్లు కొట్లో వేసి వచ్చిన మనిషి ఇంట్లో ఒక్కడే. లెక్క మూడు మెట్లలో తేలిపోయింది. ఆవిడ తల స్తంభం వైపు తిరిగింది. భర్త తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చాడు.

"తూకానికి," అన్నాడు, అడక్కుండానే.

"మా నాయనమ్మని," అంది టీచరు.

సరిగ్గా అప్పుడే కారు వచ్చింది. మేనత్తను ఇద్దరు చెరో పక్క పట్టుకుని తీసుకొచ్చారు. ఆవిడ ముందు తెల్ల అంగీల వైపు చూసింది. "ఎవరికి బాగాలేదు? ఆస్పత్రా ఇది?" అని అడిగింది. కాదని అన్నయ్య చెవిలో అరిచి చెప్పి, పటం ముందుకు నడిపించి, "అత్తా, చూడు, మీ అమ్మ," అన్నాడు.

మేనత్త కళ్ళజోడు సవరించుకుని పటం చూసింది. తర్వాత అన్నయ్య మోకాళ్ళు చూసింది. మళ్ళీ పటం చూసింది.

"మా అమ్మా? మా అమ్మ జన్మలో కుర్చీలో కూర్చున్న పాపాన పోలేదు. కూర్చునే తీరిక ఎక్కడిది? ఇది ఆ అద్దె ఇంటి ముసల్ది కదూ?"

"ఏ అద్దె ఇల్లు?" అంది టీచరు.

"మీరు పుట్టకముందు దిగిన ఇల్లు. మేం దిగేటప్పటికే గోడకి ఉంది. తీసి చూస్తే వెనక ఇంత చిల్లు. మీ నాన్న మళ్ళీ తగిలించేశాడు. నీకు మూడేళ్ళప్పుడు ఎవరని అడిగావు. మీ నాన్నకి తెలియదనడం చేతకాదుగా, నాయనమ్మ అన్నాడు. ఇల్లు మారేటప్పుడు నువ్వు దాన్ని కావలించుకుని ఒకటే ఏడుపు. సరేలే అని వెంట తెచ్చుకున్నాం. ఆ తర్వాత కాపురానికి కూడా పట్టుకుపోయావు. నాకెందుకులే అని ఊరుకున్నాను."

అన్నయ్య అంగీ అంచులు కిందికి లాక్కున్నాడు. చిన్నాన్న కొడుకులు ఆదివారాల సంగతి మరిచిపోయారు. వదిన బట్టలు మార్చుకునే గది ఎటని అడిగి లేచింది.

భర్త ముఖంలోకి మెల్లగా రక్తం తిరిగి వచ్చింది. "అయితే నేను పారేసింది మీ నాయనమ్మని కాదన్నమాట," అన్నాడు.

"నాయనమ్మైతే మన మనిషే, ఏదో అయిందిలే అనుకునేదాన్ని," అంది టీచరు. "ఎవరో పరాయి మనిషి. మనింట్లో ముప్ఫై రెండేళ్ళు అతిథిగా ఉంది. అతిథిని తూకానికి వేస్తారా?"

భర్త ముఖంలోంచి రక్తం వచ్చిన దారినే వెళ్ళిపోయింది. కానీ టీచరు పెదవి చివర వణుకుతోంది. ముందు చేతిని అడ్డం పెట్టుకుంది, తర్వాత ఆపుకోలేక మెట్టు మీద కూలబడి నవ్వింది. "మరి ప్రతి పరీక్షకీ ఎవరి ముఖం చూసి వెళ్ళానో నేను," అంటూ కళ్ళు తుడుచుకుంది. మేనత్తకు సగం వినపడకపోయినా తనూ నవ్వింది. గేటాయన మాత్రం నవ్వలేదు. యజమానురాలు మెట్టు మీద పడి ఉన్న అట్టను చేతిలోకి తీసుకుని చదువుతోంది.

"పటం దింపండి," అంది ఆవిడ.

ఇద్దరు కలిసి దింపారు. వెనక గోడ మీద తలుపంత చెమ్మ మచ్చ, అంచుల్లో పచ్చగా నాచు. మేనత్త దాన్ని చూసి, "మా ఇంట్లో చిల్లు, మీ ఇంట్లో చెమ్మ. ఎక్కడికి వెళ్ళినా దీనికి ఇదే ఉద్యోగం," అంది.

"మేస్త్రి ఏమంటున్నాడు?" అని యజమానురాలు మేనేజరును అడిగింది.

"గోడంతా పడగొడితే తప్ప పోదంటున్నాడండీ."

ఆవిడ టీచరు వైపు తిరిగింది. "పటం మీది. తీసుకెళ్తానంటే ఇచ్చేస్తాను."

టీచరు పటాన్ని చాలాసేపు చూసింది. చట్రం మూల పెచ్చు మీద మళ్ళీ ఒకసారి వేలు పెట్టింది. "మా కొత్త ఇంట్లో గోడలు బాగానే ఉన్నాయండీ," అంది. "ఇక్కడే ఉండనివ్వండి. పలక మాత్రం పెట్టించండి. 'నాయనమ్మ' అని రాస్తే చాలు."

"అయితే ఆవిడ ఉంటుంది," అంది యజమానురాలు. "ఆవిడ ఉంటే జనం ఎవరని అడుగుతారు. అడిగితే చెప్పడానికి మనిషి కావాలి." పెన్ను తీసి అట్ట మీద మొదటి నియమాన్ని అడ్డంగా కొట్టేసి, గేటాయనకు ఇచ్చింది. "రేపటినుంచి ముందు తెలియదని చెప్పండి. ఆ తర్వాత ఇవాళ జరిగింది చెప్పండి. పులి వద్దు."

"తాళాలండీ?" అన్నాడు గేటాయన.

"తాళాలు పటంలోనే ఉన్నాయిగా. ఉండనివ్వండి."

గేటాయన అట్ట పట్టుకుని ఇస్త్రీ గది దాకా ఎలా నడిచాడో అతనికే తెలియదు. గుమ్మంలో భార్య కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"ఏడుస్తున్నావా?"

"ఇస్త్రీ ఆవిరి," అంది ఆవిడ. అతని కోటు కాలరు సరిచేసి, "నాలుగింటినుంచి పెట్టె చల్లగా పడి ఉంది. పో, ప్లగ్గు పెట్టు," అంది.

చీకటిపడేలోగా బంధువులు కార్లెక్కి వెళ్ళిపోయారు. టీచరు భర్త తోటలో దీపం కింద బల్ల దగ్గర కూర్చుని లారీ కంపెనీకి క్షమాపణ ఉత్తరం రాశాడు. టీచరు దాన్ని ఎర్ర సిరాతో రెండుసార్లు దిద్ది, పదికి నాలుగు మార్కులు వేసి మళ్ళీ రాయమంది.